ఆంధ్రపత్రిక ప్రస్థానం

తెలుగు దినపత్రికల చరిత్రలో ఆంధ్రపత్రికది పెద్దపీట. కాశీనాథుని నాగేశ్వరరావు 1908లో బొంబాయిలో దీన్ని వారపత్రికగా ప్రారంభించారు. అమృతాంజనం వ్యాపారంలో వచ్చిన ఆదాయమే దీనికి అండ. అప్పట్లో కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు రాజధానిలో ఉండేవి. అందుకే పత్రికను మద్రాసుకు తరలించి, 1914 ఏప్రిల్ 1 నుంచి దినపత్రికగా వెలువరించారు. కొద్ది నెలలకే మొదటి ప్రపంచయుద్ధం మొదలైంది. యుద్ధవార్తల కోసం తెలుగు చదువరులు రోజూ పత్రిక కోసం ఎదురుచూసేవారు.

జాతీయోద్యమానికీ, ప్రత్యేకాంధ్ర రాష్ట్ర కోరికకూ పత్రిక గట్టి గొంతునిచ్చింది. ఉగాదికి వెలువడే సంవత్సరాది సంచికల్లో పండితుల వ్యాసాలు, కవితలు, చిత్రాలు ఉండేవి. సాహిత్యానికి తోడుగా 1924లో ‘భారతి’ మాసపత్రిక వచ్చింది.

1938లో నాగేశ్వరరావు మరణించాక ఆయన అల్లుడు శివలెంక శంభుప్రసాద్ బాధ్యత తీసుకున్నారు. తర్వాతి కాలంలో కొత్త దినపత్రికలతో పోటీ పెరిగింది. చివరకు 1991లో ఆంధ్రపత్రిక ప్రచురణ ఆగిపోయింది. దాని పాత సంచికలు నేటికీ ఆధునికాంధ్ర చరిత్ర పరిశోధకులకు విలువైన ఆధారాలు.