కోరంగి మడ అడవి: పాటులో నడక, పోటులో పడవ

అడవి అనగానే మనలో చాలామందికి కొండలు, టేకు చెట్లు గుర్తుకొస్తాయి. ఉప్పునీటిలో నిలబడి బతికే అడవి కూడా ఒకటుంది. కాకినాడ నుంచి యానాం వెళ్లే దారిలో, గౌతమీ గోదావరి సముద్రంలో కలిసే చోట ఉన్న కోరంగి అది. 1978లో దీన్ని వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం 235.70 చదరపు కిలోమీటర్లు.

ఇక్కడికి వెళ్లేవారు ముందుగా చూడవలసింది బస్సు టైము కాదు, సముద్రం టైము. పుస్తకాల్లో ఆటుపోట్లు అని చదువుతాం కదా! నీరు ఎక్కితే పోటు, తీస్తే పాటు. ఒక పోటుకూ మరో పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు పడుతుంది. ఈ రోజు ఉదయం 8 గంటలకు పోటు వస్తే, రేపు దాదాపు 8.50కి వస్తుందన్నమాట.

నడిచి చూడటానికి పాటు సమయం మంచిది. బురద మీద వేసిన చెక్క బాట వెంట వెళ్తే, నేలలోంచి పైకి పొడుచుకొచ్చిన వేలాది వేళ్లు కనిపిస్తాయి. ఆ బురదలో ప్రాణవాయువు చాలా తక్కువ. అందుకే మడ చెట్టు వేళ్లను పైకి పంపి గాలి పీలుస్తుంది. ఎక్కువైన ఉప్పును ఆకుల ద్వారా బయటికి పంపేస్తుంది. ఉప్పుపొన్న గింజ చెట్టు మీదే మొలకెత్తి, తర్వాత కిందికి రాలుతుంది. తిల్ల చెట్టు కొమ్మను మాత్రం విరవకండి. దాని పాలు కళ్లకు ప్రమాదం.

పడవకు పోటు కావాలి. నీరు తీసేస్తే పిల్ల కాలువల్లో పడవ బురదకు తగులుతుంది. మేము అవిసీనియా, రైజోఫోరా అని బట్టీపట్టిన చెట్లను పడవ నడిపే పెద్దాయన మడ, ఉప్పుపొన్న అని దూరం నుంచే చూపించారు. మా ఇళ్లల్లో డిగ్రీ దాకా వచ్చింది మేమే మొదలు. అయినా చదువు అంతకుముందే మన ఊళ్లలో ఉందని ఆ రోజు అర్థమైంది. ఈ అడవిలో నీటికుక్కలు, బావురుపిల్లులు ఉన్నాయి. బావురుపిల్లి ఎక్కువగా రాత్రిపూట తిరుగుతుంది కాబట్టి కనబడలేదని నిరాశపడకూడదు. సముద్రం వైపున్న హోప్ ఐలాండ్ ఇసుక తిన్నెల మీద ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి.

ఒకప్పుడు కోరంగి పెద్ద రేవు. ఇక్కడి నుంచి బర్మాకు పనికి వెళ్లినవాళ్ల వల్ల అక్కడ తెలుగువారికి కోరంగీలు అనే పేరే వచ్చింది. 1839 నవంబరు తుపానులో ఉప్పెన వచ్చి ఆ రేవును ఛిన్నాభిన్నం చేసింది.

ఇప్పుడు కూడా అలల దెబ్బను ముందుగా కాచుకునేది ఈ చెట్లే. రొయ్య పిల్లలు, పీతలు, చేప పిల్లలు పెరిగేది ఈ వేళ్ల మధ్యే. మడను నరికి రొయ్యల చెరువు తవ్వితే లాభం ఒకరిది, నష్టం వల మీద బతికే వందల ఇళ్లది. ఉప్పెన వస్తే మొదట మునిగేది కూడా ఆ ఇళ్లే. మన హాస్టళ్లకు వచ్చే పిల్లల్లో అలాంటి ఇళ్లవాళ్లూ ఉన్నారు.

కాబట్టి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఈసారి విహారయాత్ర అనుకున్నప్పుడు వార్డెన్ గారిని కోరంగి అడగండి. బయలుదేరే ముందు పోటు టైము కనుక్కోండి. ప్లాస్టిక్ సంచులు అక్కడ వదలకండి. పడవ నడిపే వాళ్లను చెట్ల పేర్లు అడిగి నోటు పుస్తకంలో రాసుకోండి.