ఆవు ఎముక కొరుకుచున్నదా?

మేతకు పోయిన ఆవు గట్టు ప్రక్కన దొరికిన ఎండు ఎముకను నోట కరచుకొని గంటల తరబడి నమలుచుండుట మీరు చూచియే యుందురు. గోడలు నాకుట, మన్ను తినుట, పాత గుడ్డలు, తోలు ముక్కలు నమలుట కూడ ఇట్టివే. ‘దాని అలవాటు అది’ అని ఊరకుందుము. కడుపులో పురుగులున్నను పశువు ఇట్లు చేయవచ్చును గనుక ముందు పురుగుల మందు త్రాగించి చూడండి. అప్పటికీ మానకున్నచో దాని ఒంటిలో భాస్వరం తరిగినదని ఎంచవలెను.

ఈ కొరత ప్రాణాలు తీయగలదని దక్షిణాఫ్రికా పశువుల పెంపకందారులు ఎంతో నష్టపడి తెలుసుకొనిరి. అక్కడి బయళ్లలో ఆవులు కాళ్లు పట్టుదప్పి, లేవలేక చనిపోవుచుండెడివి. పశువైద్య శాస్త్రజ్ఞుడు ఆర్నల్డ్ థైలర్, ఆయన సహచరులు 1920 నాటికి కారణం కనిపెట్టిరి. నేలలో భాస్వరం లేదు, కావున గడ్డిలోను లేదు. ఆ కరవుచే ఆవులు కళేబరాల ఎముకలు కొరికినవి. కుళ్లిన కళేబరంలో పెరిగిన సూక్ష్మజీవి విషం వాటిని చంపినది. ఎముకల పొడి పెట్టగా ఆవులు ఎముకలు కొరుకుట తగ్గినది, పశువులు చక్కగా ఎదిగినవి. అయితే మీరు ఇప్పుడు ఎముకల పొడి పెట్టరాదు. 1986లో ఇంగ్లండులో పిచ్చి ఆవు వ్యాధి బయటపడిన తరువాత అది తగదని తేలినది. దాని స్థానంలో డైకాల్షియం ఫాస్ఫేటు వాడుదురు.

మన ఒంగోలు జాతి పశువులే బ్రెజిల్ దేశం చేరి ‘నెల్లూరు’ పేరుతో అక్కడి మాంసపు మందలకు మూలమైనవి. అచ్చటి పచ్చిక బయళ్లలోను భాస్వరం తక్కువే. అందుచే బయలులోనే తొట్లు ఉంచి, ఉప్పుతో కలిపిన ఖనిజ లవణాలను ఆవులకు, దూడలకు నాకింతురు. పుట్టినచోట మాత్రం ఆ జాతికి వరిగడ్డితో సరిపెట్టుచున్నాము!

లెక్క చూడండి. కిలో వరిగడ్డిలో భాస్వరం సుమారు 1 గ్రాము. 8 కిలోల గడ్డి తిన్న ఆవుకు దొరకునది 8 గ్రాములు. నిండుచూలు ఆవుకు రోజుకు 15 గ్రాముల వరకు కావలెను. గడ్డిలోని సున్నంలో కొంత ఆక్సలేటుతో బిగిసి ఒంటికి పట్టదు. తక్కువైనది ఆవు తన ఎముకలనుండి తీసి కడుపులోని దూడకు, పొదుగులోని పాలకు ఇచ్చును. తల్లి చిక్కిపోవును, ఈనిన తరువాత నెలల తరబడి ఎదకు రాదు. ఏడాదికొక దూడ రావలసినచోట రెండేళ్లకొకటి వచ్చును.

దూడకు కావలసిన రాగి తల్లి కడుపులోనే, చివరి నెలల్లో, దాని కాలేయంలో చేరవలెను. పాలలో రాగి మిక్కిలి తక్కువ. కనుక ఈనిన తరువాత మేల్కొన్న ప్రయోజనం సగమే. చూలు ఏడవ నెలనుండియే శ్రద్ధ వహించండి.

పెద్ద ఆవుకు రోజుకు 50 గ్రాములు, మేత మేయు దూడకు 20 గ్రాముల ఖనిజ మిశ్రమం దాణాలో కలిపి పెట్టండి. పాలిచ్చు ఆవుకు పాలను బట్టి ఇంకను పెంచవచ్చును. తవుడులో భాస్వరం గడ్డికంటె పది రెట్లకు మించి ఉండును. వేరుశెనగ కట్టెలో, పప్పుజాతి మేతలలో సున్నం ఉండును. ఇవి ఉన్న ఇంట ఖర్చు తగ్గును. మందను బయట మేపువారు తొట్టిలో ఉప్పు, డైకాల్షియం ఫాస్ఫేటు సమభాగాలుగా కలిపి, వాన తగలకుండ పైకప్పు వేసి ఉంచవచ్చును. తొట్టి దూడకు అందునంత ఎత్తులోనే ఉండవలెను. నీరు ఉప్పగానుండు ఊళ్లలో పశువులు దీనిని అంతగా నాకవు. అక్కడ దాణాలో కలుపుటయే మేలు. ఒట్టి ఉప్పు ఇటుక వ్రేలాడదీసి ఖనిజాలు ఇచ్చితిమనుకొనుట పొరపాటు.

కొనునప్పుడు ఐ.ఎస్.ఐ. గుర్తు చూడండి. చవకగా దొరకు రాతి ఫాస్ఫేటు పొడిలో ఫ్లోరిన్ ఉండును. నల్గొండవంటి చోట్ల నీటిలోనే అది ఎక్కువ కాగా, మేతలో కూడ చేర్చుట పశువు పళ్లకు, కీళ్లకు చేటు. ఎరువుల సూపరు ఫాస్ఫేటును పశువుకు పెట్టనే కూడదు. ఆవులకు కలిపిన మిశ్రమాన్ని గొర్రెలకు వేయకండి. ఆవుకు చాలిన రాగి గొర్రెకు విషమగును.

గ్రామాధికారులు ఊరి చివర కళేబరాలు పారవేయనీయక లోతుగా పాతించి, పైన సున్నం చల్లించవలెను. ఎముక కొరికిన ఆవు వెనుక కాళ్లు తడబడుచున్నా, మేత మింగలేకున్నా ఆ పూటనే పశువైద్యుని పిలిపించండి.