టాపు మీద సోలార్: ఆశెంత, లెక్కెంత?

ఎల్బీ నగర్ అడ్డా మీది బ్యాటరీ ఆటో అన్నలు అడిగేది ఒక్కటే: టాపు మీద సోలార్ పలక పెడితే కరెంటు ఖర్చు తప్పుతదా? లెక్క జూద్దాం. 48 వోల్టుల, 100 ఆంపియర్-అవర్ బ్యాటరీ నిండాలంటే దాదాపు 5 యూనిట్లు గావాలె. టాపు మీద పట్టేది 300 వాట్ల పలక. మంచి ఎండల దినాం యూనిట్‌ పైచిలుకు ఇస్తది. అంటే నాలుగో వంతు. దాని వోల్టేజీ బ్యాటరీ కంటే తక్కువ. పెంచే కంట్రోలర్ లేకుంటే చార్జ్ ఎక్కది.

ఇగ మన రోడ్డు మీద ఎండేది? మెట్రో నీడ, ఫ్లైఓవర్ నీడ. పలకల కొంత భాగం మీద నీడ పడ్డా కరెంటు బాగ పడిపోతది.

అందుకే పలక బండి మీద గాదు, అడ్డా మీద గావాలె. 2018ల ఎల్బీ నగర్‌ దాకా మెట్రో తెచ్చిన సర్కారు, దిగినోళ్లను ఇంటికి చేర్చే ఆటో అన్నకు సోలార్ షెడ్డు ఎయ్యలేదా? నీడకు నీడ, చార్జింగుకు చార్జింగు.