గొంతు దిద్దిన గురువులు - సాలూరు నుంచి బషీర్‌బాగ్ దాకా

హజ్రత్ అబూ మూసా అష్అరీ (రజి) ఖుర్ఆన్ పారాయణం విని దైవప్రవక్త (స) ఎంతో మెచ్చుకున్నారనీ, ఆ కంఠాన్ని హజ్రత్ దావూద్ (అలై) వంశానికి దక్కిన మాధుర్యంతో పోల్చారనీ హదీసు గ్రంథాల్లో ఉంది. మంచి గొంతు అల్లాహ్ ఇచ్చేది. దాన్ని దిద్దేవాడు ఉస్తాద్. మదరసాలో ఖారీ సాహెబ్ ముందు కూర్చున్న పిల్లవాణ్ణి చూడండి. 'ఐన్' అనే ఒక్క అక్షరం గొంతులో ఎక్కడ పుట్టాలో పట్టుబడడానికి వాడికి వారాలు పడుతుంది. ఊపిరి ఎక్కడ ఆపాలి, 'మద్' ఎంతసేపు సాగదీయాలి అన్నది పుస్తకం చూసి వచ్చే విద్య కాదు.

ఖిరాత్ సంగీతం కాదు. రెంటినీ ఒకే గాటన కట్టడం మా ఉద్దేశమూ కాదు. సంగీతం విషయంలో ఉలమాల మధ్య భిన్నాభిప్రాయాలున్న సంగతి పాఠకులకు తెలిసిందే. కానీ గొంతు దిద్దే గురువు పడే శ్రమ ఎక్కడైనా ఒకటే. అటువంటి గురువుల కుటుంబం ఒకటి మన తూర్పు కనుమల పాదాల దగ్గర ఉండేది.

అరకు కొండలు ఈశాన్యంగా సాగిపోయే వరుస అంచున సాలూరు ఉంది. ఒడిశాకు ఎక్కే ఘాట్ రోడ్డు మొదట్లో ఉన్న ఈ ఊరు 2022 నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలో చేరింది. ఇక్కడ పట్రాయని నరసింహ శాస్త్రి గారు సంగీతం నేర్పేవారు. జనం ఆయన్ని పెద గురువుగారు అనీ, కుమారుడు సీతారామ శాస్త్రి గారిని చిన గురువుగారు అనీ పిలిచేవారు. చిన గురువుగారు తర్వాత విజయనగరం సంగీత కళాశాలలో గాత్ర పండితులయ్యారు. 1919లో ఏర్పడ్డ ఆ కళాశాలకు తొలి అధ్యక్షులు హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణ దాసు. ఉమర్ ఖయ్యాం రుబాయీలను సంస్కృతంలోకీ, అచ్చ తెలుగులోకీ దించిన పండితుడాయన. పారసీ మూలాన్ని చదివి మరీ ఆ పని చేశారు.

ఆ కళాశాలను వెతుక్కుంటూ కృష్ణా జిల్లా నుంచి తండ్రి లేని పిల్లవాడొకడు ఉంగరం అమ్ముకుని విజయనగరం వచ్చాడు. పేరు ఘంటసాల వెంకటేశ్వరరావు. వచ్చేసరికి కళాశాలకు సెలవులు. అక్కడే తలదాచుకోవడానికి అనుమతి దొరికింది గానీ, తోటి కుర్రవాళ్ళు చేసిన తప్పుకు నింద తన మీద పడి ఆ నీడా పోయింది. అప్పుడు సీతారామ శాస్త్రి గారు తన ఇంటి తలుపు తెరిచారు. పైసా తీసుకోకుండా పాఠం చెప్పారు. కుర్రవాడు భుజాన జోలె వేసుకుని ఇంటింటా మధుకరం ఎత్తుకుని కడుపు నింపుకునేవాడు. మస్జిదులో పడుకుని, ఊళ్ళోవాళ్ళు పంపిన రొట్టె తిని చదువుకున్న మన పాత తరం హాఫిజ్‌లకు ఈ కథ కొత్తేమీ కాదు.

కర్ణాటక సంప్రదాయంలో గాత్ర శిక్షణ అంటే మొదట శ్రుతి. షడ్జం నిలబడేదాకా ముందుకు వెళ్ళనివ్వరు. తర్వాత సరళీ వరుసలు మూడు కాలాల్లో, వాటినే స్వరాల పేర్లు తీసేసి అకారంలో పాడించడం. పైస్థాయి తొందరపడి అందుకుంటే గొంతు చీలుతుందని మంద్రంలో బలం తెప్పిస్తారు. మూడు నెలల్లో పాటగాణ్ణి చేస్తామనే బోర్డులు చూసినప్పుడల్లా ఇది గుర్తుకొస్తుంది.

చిన గురువుగారిది మరో విశేషం. తానే హార్మోనియం వాయించుకుంటూ పాడేవారు. శాస్త్రీయ సంగీతంలో ఆ పెట్టెకు మర్యాద లేని రోజులవి. 1940లో ఆకాశవాణి దాన్ని గడప తొక్కనివ్వలేదు. గమకం పలకదన్నది ప్రధానమైన అభియోగం. నిజమే, మెట్టుకూ మెట్టుకూ మధ్య ఉన్న స్వరం హార్మోనియంలో లేదు. కాబట్టి పక్కన అది మోగుతున్నప్పుడు ఆ లోటు తీర్చవలసింది గొంతే. ఆయన శిష్యుడి పద్యం వినండి. రాగం ఎంత సాగినా ఒక్క అక్షరం నలగదు.

ఆ శిష్యుడు మద్రాసులో పెద్దవాడయ్యాక ఆయన ఇంట కొన్నాళ్ళు అతిథిగా ఉన్నవారు ఉస్తాద్ బడే గులాం అలీఖాన్. ఒకప్పుడు జోలె పట్టిన చేతులు ఉస్తాద్‌కు ఆతిథ్యమిచ్చాయి.

ఖాన్ సాహెబ్ 1902లో పంజాబ్‌లోని కసూర్‌లో పుట్టారు. తండ్రి అలీబక్ష్, చిన్నాన్న కాలేఖాన్ దగ్గర పటియాలా బాణీ నేర్చారు. స్వరమండలం ఒళ్ళో పెట్టుకుని గంటల తరబడి సాధన చేసేవారు. హిందుస్తానీలో 'ఖరజ్' సాధన అంటారే, అదీ మంద్రంలో నెమ్మదిగా చేసేదే. కసూర్ అయినా సాలూరు అయినా పునాది కిందనే పడుతుందన్న మాట. దేశ విభజనలో పాకిస్తాన్‌కు చెందిన ఆయన తిరిగి వచ్చి 1957లో భారత పౌరసత్వం పొందారు. 1962లో పద్మభూషణ్ వచ్చింది.

తర్వాత పక్షవాతం. దేహం సగం మాట వినని మనిషి మళ్ళీ సాధనకు కూర్చున్నారు. కుమారుడు మునవ్వర్ అలీఖాన్ పక్కన గొంతు కలపగా మళ్ళీ సభల్లో పాడారు. కొడుకుకు అంతకు మించిన పాఠం ఏముంటుంది?

చిన గురువుగారు 1957లో కన్నుమూశారు. ఆయన కుమారుడు సంగీతరావు గారిని ఘంటసాల తన సహాయకుడిగా వెంట ఉంచుకున్నారు. సంగీతరావు గారు నూరేళ్ళు నిండాక 2021లో చెన్నైలో మరణించారు. ఖాన్ సాహెబ్ చివరి రోజులు హైదరాబాద్ బషీర్‌బాగ్ ప్యాలెస్‌లో గడిచాయి. 1968 ఏప్రిల్‌లో అక్కడే పరమపదించారు. సమాధి పాతబస్తీలోని దాయిరా మీర్ మోమిన్‌లో ఉంది. ఆ దారిన వెళ్ళేవారు ఆయన మగ్ఫిరత్ కోసం దుఆ చేయగలరు.