రక్తం పలచబడదు, గడ్డ పెరగదు

కాలి సిరలో రక్తం గడ్డకట్టిందని స్కానింగ్‌లో తేలగానే ఇంట్లో మొదలయ్యే కంగారులో కొంత మాటల వల్లే వస్తుంది. వాడుకలో మనకు రక్తం మోసే సిరా ‘నరమే’, స్పర్శ తెలిపే నాడీ ‘నరమే’. అందుకే ‘నరంలో గడ్డ’ అనగానే నరాల డాక్టరెవరని వాకబు చేస్తారు. ఇక గడ్డంటే సెగగడ్డ, కొవ్వుగడ్డ, క్యాన్సర్ గడ్డ... ఏదైనా కోసి తీయాల్సిందేనన్నది మన లెక్క. అలాంటిది డాక్టరు నాలుగు మాత్రలు రాసి ఇంటికి పొమ్మంటే, ‘గడ్డ లోపలుండగానే పంపించేశారు’ అని బంధువులు నిష్టూరమాడతారు.

ఇది కణితి కాదు, పేరుకున్న రక్తం. పిక్కలోనో తొడలోనో కండరాల మధ్య లోతుగా సాగే సిరల్లో ఏర్పడితే డీవీటీ అంటారు. అందులోంచి ఓ ముక్క తెగి, గుండె కుడి భాగం గుండా వెళ్లి ఊపిరితిత్తుల ధమనిలో ఇరుక్కుంటే పల్మనరీ ఎంబాలిజం. చోటు వేరు, జబ్బు ఒకటే. ఒక్క కాలే వాచినప్పుడు బోదకాలేమో, బెణుకేమో అనుకుంటూ రోజులు గడిపేస్తే మొదటిది రెండోదాకా వెళ్లొచ్చు.

‘రక్తం పలచబరిచే మందు గడ్డను కరిగిస్తుంది’

మజ్జిగలో నీళ్లు పోసినట్టు ఈ మందులతో రక్తం పలచబడదు. ఉన్న గడ్డనూ అవి కరిగించవు. హెపారిన్ ఇంజెక్షనైనా, వార్ఫరిన్, ఎసిట్రోమ్ మాత్రలైనా, తర్వాత వచ్చిన రివరాక్సబాన్, అపిక్సబాన్ అయినా చేసే పని ఒకటే: రక్తం మరింతగా గడ్డకట్టకుండా అడ్డుకోవడం. పాలు తోడుకోకుండా ఆపడం లాంటిది ఇది. తోడుకున్న పెరుగును తిరిగి పాలు చేయడం వాటి వల్ల కాదు. పాత గడ్డను మన ఒంట్లోనే ఉన్న ప్లాస్మిన్ అనే ఎంజైము వారాల తరబడి, కొన్నిసార్లు నెలల తరబడి కొంచెం కొంచెంగా అరగదీస్తుంది. మందు దానికి వ్యవధి ఇస్తుంది.

ఆ వ్యవధి విలువ 1960లో తేలింది. ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో బారిట్, జోర్డాన్ అనే వైద్యులు ఊపిరితిత్తుల్లో గడ్డ ఇరుక్కున్న 35 మందిని రెండు జట్లు చేశారు. మందు ఇవ్వని 19 మందిలో అయిదుగురు ఆ జబ్బుతోనే చనిపోయారు, ఇంకో అయిదుగురికి ప్రాణం పోకపోయినా తిరగబెట్టింది. మందిచ్చిన 16 మందిలో గడ్డ వల్ల పోయినవారు లేరు. ఇక ఎవరికీ మందు ఇవ్వకుండా ఉంచడం తగదని పోలికను అక్కడితో ఆపేశారు.

‘వాపు తీసింది, మాత్ర మానేయొచ్చు’

వాపు తీయడం వేరు, గడ్డ పోవడం వేరు. మందు కనీసం మూడు నెలలు వాడాలి. ఆపరేషన్ లాంటి తాత్కాలిక కారణంతో వచ్చినవారికి సాధారణంగా అంతతో సరిపోతుంది. కారణమే దొరకనివారికి, క్యాన్సర్ ఉన్నవారికి ఇంకా ఎక్కువ కాలం అవసరం కావచ్చు. రివరాక్సబాన్ మొదటి 21 రోజులూ, అపిక్సబాన్ మొదటి ఏడు రోజులూ ఎక్కువ మోతాదులో ఇచ్చి తర్వాత తగ్గిస్తారు. డోసు తగ్గింది కాబట్టి జబ్బూ తగ్గిందనుకుని చీటీ మడిచి లోపల పెట్టేసేవాళ్లున్నారు. తర్వాతి డోసు మొదటిదానికి కొనసాగింపే.

‘ఖరీదైన కరిగించే ఇంజెక్షన్ వేయిస్తే పని త్వరగా అయిపోతుంది’

నిజంగానే గడ్డను కరిగించే మందులున్నాయి: ఆల్టిప్లేస్, టెనెక్టిప్లేస్. కానీ అవి మంచి గడ్డనూ చెడ్డ గడ్డనూ వేరు చేసి చూడవు. మెదడులో రక్తస్రావమయ్యే ప్రమాదం ఉంది. అందుకే ఈ జబ్బులో ప్రధానంగా ఊపిరితిత్తుల్లో గడ్డ అడ్డుపడి బీపీ పడిపోయినవారికే వాటిని వాడతారు. మీవాళ్లకు వేయలేదంటే డాక్టరు పిసినారితనం చేశారని కాదు, అంత దూరం రాలేదని సంతోషించాలి.

‘వార్ఫరిన్ ఎలుకల మందట కదా!’

అవును, అలాగే మొదలైంది. 1920ల్లో ఉత్తర అమెరికాలో బూజుపట్టిన స్వీట్ క్లోవర్ గడ్డి తిన్న పశువులు రక్తం కారి చచ్చిపోయేవి. 1933 ఫిబ్రవరిలో మంచుతుఫానులో ఓ విస్కాన్సిన్ రైతు చచ్చిన పెయ్యనూ, పాలక్యానులో గడ్డకట్టని రక్తాన్నీ బండికెత్తుకుని శాస్త్రవేత్త కార్ల్ పాల్ లింక్ ప్రయోగశాలకు చేరాడు. ఆ గడ్డిలోని పదార్థమేదో తేల్చడానికి లింక్ బృందానికి ఏళ్లు పట్టింది. దాని ఆధారంగా చేసిన వార్ఫరిన్ 1948లో ఎలుకల మందుగా మార్కెట్టుకొచ్చింది. 1955లో గుండెపోటు వచ్చిన అమెరికా అధ్యక్షుడు ఐసన్‌హోవర్‌కూ అదే ఇచ్చారు. విషమా మందా అన్నది మోతాదు మీదే ఉంది. అది తేల్చడానికే ఐఎన్ఆర్ రక్తపరీక్ష. డీవీటీకి ఆ అంకె 2కీ 3కీ మధ్య ఉండాలి.

ఈ మాత్ర వేసుకునేవాళ్లు ఆకుకూర ముట్టకూడదన్న మాటా ఇక్కడే పుట్టింది. ఆకుకూరల్లోని విటమిన్ కె మందుకు ఎదురు పనిచేసే మాట నిజం. అయితే మానేయనక్కర్లేదు, వారం వారం ఇంచుమించు ఒకే పాళ్లలో తింటే చాలు. ఇన్నాళ్లూ ముట్టకుండా ఉండి, ఒకేసారి వారమంతా తోటకూర, మునగాకు లాగిస్తేనే ఐఎన్ఆర్ తలకిందులవుతుంది. కొత్త మాత్రలకు ఆ బాధ లేదుగానీ, రివరాక్సబాన్ 15, 20 మిల్లీగ్రాముల మాత్రలు అన్నంతోనే వేసుకోవాలి. ఉపవాసమని ఖాళీ కడుపున మింగితే మందు పూర్తిగా ఒంటికి పట్టదు.

‘మంచం దిగకూడదు, కాలు బాగా మర్దనా చేయాలి’

రెండూ తప్పే. మందు మొదలయ్యాక డాక్టరు సరేనంటే నడవడమే మంచిది, నడిస్తే గడ్డ తెగిపోతుందన్న భయానికి ఆధారం లేదు. వాచిన పిక్కను నూనె పెట్టి గట్టిగా పిసకడం మాత్రం వద్దు. నొప్పికి మెడికల్ షాపులో డైక్లోఫెనాక్ అడిగి తెచ్చుకోవడం అంతకన్నా వద్దు. ఈ మందులతో కలిస్తే కడుపులో రక్తస్రావమయ్యే ముప్పు పెరుగుతుంది.

బాలింతను కదలనివ్వకుండా మంచానికే పరిమితం చేసే ఇళ్లు ఇంకా ఉన్నాయి. కాన్పు తర్వాతి ఆరు వారాలు గడ్డకట్టే ముప్పు ఎక్కువగా ఉండే కాలం. గర్భిణికి ఈ జబ్బొస్తే హెపారిన్ ఇంజెక్షనే వాడతారు, అది మాయను దాటి బిడ్డకు చేరదు. వార్ఫరిన్ చేరుతుంది.

‘ఎకోస్ప్రిన్ వేసుకుంటున్నాంగా’

పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లే పెద్దవాళ్లు విమానమెక్కే ముందు చెప్పుకునే ధైర్యమిది. ఎకోస్ప్రిన్ అంటే ఆస్పిరినే. అది ప్రధానంగా ప్లేట్‌లెట్ల మీద పనిచేస్తుంది, ఎక్కువగా ధమనుల జబ్బులకు వాడతారు. సిరల్లో గడ్డకు అది అసలు మందుకు సాటిరాదు. విమానంలో మధ్యమధ్య లేచి నడవడం, కూర్చున్నచోటే పాదాలు ఆడించడం మేలు. దిగాక అకస్మాత్తుగా ఆయాసమొచ్చినా, ఊపిరి పీలిస్తే ఛాతీలో పోటు పొడిచినా, దగ్గితే రక్తం పడినా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. మన ఊళ్లో అయితే 108.

మూడు నెలలయ్యాక డాప్లర్ స్కాన్ తీస్తే ‘గడ్డ ఆనవాళ్లు ఉన్నాయి’ అని రావచ్చు. అయినా డాక్టరు మందు ఆపేయమనొచ్చు. కంగారుపడకండి. గాయం మానినా మచ్చ ఉన్నట్టే, సిర గోడకు కొంత అంటుకుని ఉండిపోతుంది. ఆ రిపోర్టు మాత్రం పారేయకండి. రేపెప్పుడైనా అదే కాలు మళ్లీ వాస్తే, కనిపిస్తున్నది కొత్త గడ్డో పాత మచ్చో తేల్చుకోవడానికి డాక్టరు ముందు అడిగేది దాన్నే.