మాట వినడా, మాట వినబడదా?

మా మక్తబ్ హాజరు పుస్తకంలో ప్రతి పిల్లవాని పేరుకెదురుగా నెలకొకసారి అతని నడవడిని గురించి రెండు మూడు మాటలు వ్రాయడం మాకు అలవాటు. కంచరపాలెంలో సాయంత్రపు పాఠాలు చెప్పడం మొదలుపెట్టి ఇరవై రెండేళ్లయింది. అలవాటూ అంత పాతదే. గడచిన సంవత్సరం ఒక బాలుని పేరుకెదురుగా వరుసగా ఐదు నెలలు "మాట వినడు" అని వ్రాశాము. ఆ రెండు మాటలలో ఎంత తప్పు ఉన్నదో మాకు తెలియజేసినవి రెండు ఇంగ్లీషు క్రియలు. అవి బడిపిల్లలకు కూడా తెలిసినవే: హియర్, లిజన్.

ఆదివారం ఉదయం మా పిల్లలకు ఇంగ్లీషు చెప్పడానికి ఒక అమ్మాయి వస్తుంది. ఇక్కడి ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో డిప్లొమా చదువుతున్నది. మా తొలి విద్యార్థులలో ఒకరి కుమార్తె. మేము దీనీ మదరసాలో పెరిగినవారము. అరబీ సర్ఫ్, నహ్వ్ నేర్చినంత శ్రద్ధగా ఇంగ్లీషు నేర్వలేదు. అందుచేత ఆమె పాఠం చెప్పేటప్పుడు వెనుక గోడకు ఆనుకొని కూర్చొని మేమూ నేర్చుకుంటూ ఉంటాము. ఒక ఆదివారం ఆమె బోర్డు మీద ఈ రెండు క్రియలను ప్రక్కప్రక్కన వ్రాసింది.

శబ్దం తనంతట తాను వచ్చి చెవిలో పడితే అది హియర్. మనిషి తన ఇష్టంతో చెవిని శబ్దం వైపు త్రిప్పితే అది లిజన్. లిజన్ తరువాత ఎవరిని, దేనిని అని చెప్పవలసి వస్తే నడుమ "టు" అనే మాట రావాలి. హియర్‌కు ఆ వంతెన అక్కరలేదు. ఫోనులో మనవారు తరచుగా "ఐ యామ్ హియరింగ్ యు" అంటారు. ఆ భాష వారు అక్కడ "ఐ కెన్ హియర్ యు" అంటారట. ఎందుకనగా వారి దృష్టిలో చెవిన పడడం అనేది మనిషి చేస్తూ ఉండే పని కాదు, అతనికి జరిగేది. ఆ తరువాత ఆమె ఒక వాక్యం వ్రాసింది: "ఐ లిజన్డ్, బట్ ఐ హియర్డ్ నథింగ్." చెవియొగ్గాను గాని ఏమీ వినబడలేదు అని అర్థం. మరొక మాట కూడా చెప్పింది. తరగతిలో ఉపాధ్యాయుడు "లిజన్" అని ఆజ్ఞాపించగలడు. "హియర్" అని ఆ విధంగా ఆజ్ఞాపించడు. మనిషి చేతిలో ఉన్నదానినే కదా ఆజ్ఞాపించగలము!

ఈ భేదం గీత గీసినట్లు ఉండదని కూడా చెప్పాలి. న్యాయస్థానంలో న్యాయమూర్తి వాదనలను శ్రద్ధతోనే వింటాడు, అయినా దానికి పేరు హియరింగ్. దూరాన ఉన్నవారి కబురు అందితే హియర్ ఫ్రమ్ అంటారు. భాషలు వ్యాకరణ పుస్తకాల కంటే పాతవి. కొన్ని ప్రయోగాలను అలాగే నేర్చుకోవలసిందే.

ఆమె బోర్డు మీద వ్రాసినది చూస్తూ ఉండగా మా మనస్సు అరబీ వైపు పోయింది. "సమిఅ" అంటే విన్నాడు. అదే ధాతువును ఇఫ్తిఆల్ బాబులోకి తెస్తే "ఇస్తమఅ" అవుతుంది. అందులో ప్రయత్నం, ఉద్దేశం వచ్చి చేరుతాయి. దివ్య ఖుర్ఆన్ పారాయణం జరుగుతున్నప్పుడు విశ్వాసులు ఏమి చేయాలో అల్ ఆరాఫ్ సూరా 204వ ఆయత్ ఆదేశిస్తున్నది. అక్కడ వాడబడినది ఈ రెండవ క్రియే. దానికి తోడుగా మౌనం వహించమని ఇంకొక క్రియ కూడా ఉన్నది. తువా లోయలో హజ్రత్ మూసా (అలైహిస్సలాం)కు వహీని చెవియొగ్గి వినమని వచ్చిన ఆజ్ఞ (తాహా సూరా 13వ ఆయత్)లోనూ ఇదే క్రియ.

మన ఫుఖహా ఈ భేదం మీద మస్అలాలు కూడా నిర్మించారు. సజ్దా ఆయత్ పఠింపబడినప్పుడు వినేవారిని వారు రెండు విధాలుగా విభజించారు: "ముస్తమి", అంటే కావాలని వింటున్నవాడు, "సామి", అంటే దారిన పోతుంటే చెవిన పడినవాడు. మన హనఫీ మస్లక్ ప్రకారం వినాలనే ఉద్దేశం ఉన్నా లేకున్నా, ఆయత్ చెవిన పడితే సజ్దా వాజిబ్. మాలికీ, హంబలీ ఫుఖహా మాత్రం కావాలని వినేవానికే ఆ ఆదేశం వర్తిస్తుందన్నారు. పడుచుతనంలో ఈ మస్అలాను మేము పరీక్ష కోసం కంఠస్థం చేశాము. దానిని మా ఎదుట కూర్చున్న పిల్లలకు అన్వయించి చూడాలని ఏనాడూ తోచలేదు. ఆయత్ అసలు చెవిన పడనివాని మీద ఏ మస్లక్‌లోనూ ఆ భారం లేదు. ఏ ప్రాణి మీదా దాని శక్తికి మించిన బరువు మోపబడదన్న ఆల్ బఖరా సూరా చివరి ఆయత్‌ను పిల్లలకు నేర్పేది కూడా మేమే!

ఇక మన తెలుగు సంగతి. తెలుగులో ఈ భేదం లేదని కొందరు అంటారు, అది సరికాదు. "నాకు వినబడింది" వేరు, "నేను విన్నాను" వేరు. మొదటిదానిలో మనిషి కర్త కాడు. ఆకలి వేసినట్లు, నిద్ర వచ్చినట్లు, శబ్దం అతనికి వచ్చింది. ఉర్దూలో సునాయీ దేనా, సున్నా అనే జంట కూడా ఇటువంటిదే. శ్రద్ధగా వినడానికి తెలుగులో ఆలకించడం అనే చక్కని మాట కూడా ఉండేది. ఇప్పుడు దానిని మొరలకూ ప్రార్థనలకూ మాత్రమే వదిలివేశాము. చిక్కంతా మూడవ అర్థంతో వచ్చింది. "మాట వినడు" అన్నామంటే చెప్పినట్లు చేయడు, లోబడడు అని అర్థం. చెవిని గురించి మొదలైన మాట స్వభావం మీద తీర్పుగా ముగుస్తుంది. ఈ విషయంలో తెలుగు ఒంటరిది కాదు. లోబడడం అనే అర్థమిచ్చే ఇంగ్లీషు "ఒబే" కూడా వినడం అనే అర్థం గల లాటిన్ ధాతువు నుండే పుట్టింది. ఖుర్ఆన్ మాత్రం ఆల్ బఖరా 285వ ఆయత్‌లో విశ్వాసుల నోట వినడాన్నీ విధేయతనూ రెండు వేర్వేరు క్రియలుగా పలికించింది.

ఆ బాలునికి తొమ్మిదేళ్లు. ఖాయిదాలో సీన్, సే, సాద్ అక్షరాలు అతని నోట ఒకటిగానే వచ్చేవి. సరిదిద్దితే మరునాటికి మళ్లీ అదే తప్పు. పేరుపెట్టి పిలిస్తే ఒకసారి పలికేవాడు, ఒకసారి పలికేవాడు కాడు. అతని తల్లి కూడా "వాడు కావలసినప్పుడు వింటాడు హజ్రత్, పని చెబితేనే వినడు" అన్నది. మా అనుమానానికి సాక్ష్యం దొరికినట్లయింది. శిక్షగా అతనిని చివరి వరుసలో, కిటికీ ప్రక్కన కూర్చోబెట్టాము. ఆ కిటికీకి అవతల రైలు పట్టాలు. లోకో షెడ్డు వైపు ఇంజన్లు పోతుంటే మా గొంతు మాకే వినబడదు. ఒకసారి బెత్తం కూడా వాడాము. ఈ వాక్యం వ్రాయకుండా దాటవేయాలని అనిపించింది. వ్రాయకపోతే ఈ వ్యాసానికి అర్థం లేదు.

ఆ ఆదివారం ఆ అమ్మాయి పిల్లలందరినీ రెండు నిమిషాలు కళ్లు మూసుకొమ్మన్నది. చుట్టూ ఏమేమి వినబడుతున్నాయో తరువాత కాగితం మీద వ్రాయాలి. హియర్ అంటే ఏమిటో అనుభవంలోకి రావడానికి అదొక ఆట. పిల్లలు ఏడు, ఎనిమిది చప్పుళ్లు వ్రాశారు: రైలు కూత, ఆటో, ఫ్యాన్, ప్రక్కింటి కుక్కర్, కాకి, ఎవరిదో దగ్గు. ఆ బాలుని కాగితం మీద ఒక్కటే ఉన్నది, రైలు. సోమరితనమని మేము అనుకున్నాము. ఆమె మాత్రం అతని ప్రక్కన కూర్చొని, తన నోటికి పుస్తకం అడ్డుపెట్టుకొని, మెల్లగా రెండు మూడు మాటలు చెప్పింది. అతడు ఆమె ముఖం చూడాలని పుస్తకం అంచు చుట్టూ తల వంచుతున్నాడు. తరగతి అయ్యాక ఆమె మా దగ్గరకు వచ్చి, "హజ్రత్, వీడు లిజన్ చేస్తూనే ఉన్నాడు. హియర్ చేయలేకపోతున్నాడు" అన్నది.

వాల్తేరులోని ప్రభుత్వ చెవి, ముక్కు, గొంతు ఆసుపత్రికి అతని తల్లితో పాటు మేమూ వెళ్లాము. రెండు చెవులలోనూ కర్ణభేరి వెనుక ద్రవం చేరి చిక్కబడిందనీ, కుడి చెవిలో మరీ ఎక్కువగా ఉన్నదనీ తేలింది. పిల్లలలో ఇది అరుదు కాదట. జలుబు చేసినప్పుడు హెచ్చుతుంది, తరువాత కొంత తగ్గుతుంది; దానితో వినికిడి కూడా ఒకనాడు బాగుండి ఒకనాడు మందగిస్తుంది. "కావలసినప్పుడు వింటాడు" అని తల్లి చెప్పినది అబద్ధం కాదు. ఆమె చూసినది నిజమే, దానికి మేమందరం ఇచ్చిన అర్థం తప్పు. మూడు నెలలు గమనించి చూద్దామనీ, తగ్గకుంటే చిన్న శస్త్రచికిత్స చేస్తామనీ వైద్యురాలు చెప్పారు. అంతవరకు ముందు వరుసలో కూర్చోబెట్టి, ముఖం కనబడేటట్లు పాఠం చెప్పమన్నారు.

ఇంట్లో పిల్లలున్న సోదరీమణులు గమనించవలసినవి కొన్ని ఉన్నాయి. టీవీ శబ్దం మాటిమాటికీ పెంచడం, పిలిచినప్పుడు ఒకే చెవిని త్రిప్పడం, "ఆఁ?" అని పదేపదే అడగడం, మాట్లాడేవారి పెదవులనే చూడడం, అక్షరాలను ఒకదానికొకటి కలిపివేయడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో వెలువరించిన నివేదిక ప్రకారం ప్రపంచంలో సుమారు 150 కోట్లమందికి ఏదో ఒక స్థాయిలో వినికిడి లోపం ఉన్నది. పిల్లలలో వచ్చే లోపంలో దాదాపు 60 శాతం నివారింపదగిన కారణాల వలన వచ్చేదేనట. బెత్తం తీసే ముందు ఒక పరీక్ష చేయించడం పెద్ద పని కాదు.

చెవి వేరు, ఆలకింపు వేరు అనడానికి మన ఉత్తరాంధ్రలోనే గొప్ప నిదర్శనం ఉన్నది. గిడుగు రామమూర్తి గారు (1863–1940) చిన్ననాట విశాఖపట్నంలో మేనమామ ఇంట ఉండి చదువుకున్నారు. తరువాత పర్లాకిమిడిలో ఉపాధ్యాయులై, లిపి లేని సవర భాషను సవరల నోట విని నేర్చుకున్నారు. దానికి వ్యాకరణమూ నిఘంటువూ కూర్చారు. ఆ మన్యం తిరుగుళ్లలో మలేరియా పట్టుకున్నది. దానికి వాడిన క్వినైన్ వలన ఆయనకు చెవుడు వచ్చి జీవితాంతం నిలిచిపోయింది. ప్రజల నోటి భాషకు పుస్తకాలలో చోటు దక్కాలని ఆయన చేసిన పోరాటమంతా చెవుడుతోనే సాగింది. వినికిడి పోయిన మనిషి అంతగా ఆలకించాడు.

మన పెద్దలలో దీనికి తిరగబడిన కథ కూడా ఒకటి ఉన్నది. బల్ఖ్‌కు చెందిన హజ్రత్ హాతిం (రహ్మతుల్లాహి అలైహి), హిజ్రీ 237లో పరమపదించినవారు, "అసమ్" అనే పేరుతో ప్రసిద్ధులు. అసమ్ అంటే చెవిటివాడు. ఆయన చెవులు మాత్రం బాగానే ఉండేవి. ఒక స్త్రీ మస్అలా అడగడానికి వచ్చి నిలుచున్నప్పుడు ఆమె నుండి అపానవాయువు శబ్దం వెలువడి, సిగ్గుతో కుంచించుకుపోయిందట. హజ్రత్ చెవికి చేయి అడ్డుపెట్టి, "కాస్త గట్టిగా చెప్పమ్మా" అన్నారు. ఈయనకు వినబడలేదులే అని ఆమె మనస్సు కుదుటపడింది. ఆమె జీవించి ఉన్నంతకాలం ఆయన చెవిటివానివలెనే మెలిగారని చెబుతారు. ఈ కథను మేము పిల్లలకు ఎన్నోసార్లు చెప్పాము. చివరి వరుసలో ఉన్న ఆ బాలునికి అందులో ఎంత చేరిందో!

ఇప్పుడతడు మొదటి వరుసలో, తన ఎడమ చెవి మా వైపు ఉండేటట్లు కూర్చుంటున్నాడు. సీన్, సాద్ వేరుపడ్డాయి. సే ఇంకా రావాలి. పిల్లలందరి ముందూ అతనిని క్షమించమని అడిగాము. అతనికి అది సరిగా అర్థం కాలేదు. సిగ్గుపడి ఖాయిదాలో ముఖం దాచుకున్నాడు. హాజరు పుస్తకంలో ఆ ఐదు నెలల గడులను కొట్టివేయలేదు. వాటి క్రింద ఎర్ర సిరాతో "వినబడలేదు" అని వ్రాసి, తేదీ వేశాము.

మొన్న అతని తండ్రి వచ్చారు. పారిశ్రామిక వాడలో ఇనుప రేకులు సాగగొట్టే పనిలో పదిహేడేళ్లుగా ఉన్నారు. ఎప్పుడు మాట్లాడినా అరిచినట్లే మాట్లాడతారు. అది మొరటుతనమని మేము చాలాకాలం అనుకున్నాము. పనిచేసే చోట అధిక శబ్దం వలన కలిగే చెవుడును చట్టం వృత్తి వ్యాధులలో చేర్చింది. ఆ సంగతి ఆయనకు చెప్పాము. ఆయన మా పెదవుల వైపే చూస్తూ, "ఏమన్నారు హజ్రత్?" అని అడిగారు. లేచి ఆయన ఎదురుగా కూర్చొని మళ్లీ మొదటి నుండి చెప్పాము. వచ్చే మంగళవారం ఆయననూ వాల్తేరు తీసుకువెళ్తున్నాము.