దేవుడు చూచే త్రాసు



మన దేవుడు న్యాయాన్ని ప్రేమించే దేవుడని మనమందరం ఒప్పుకొంటాం. అయితే ఆ న్యాయం ఎక్కడ కనబడాలి? కోర్టులోనా? పాలకుల సభలోనా? అక్కడ ఉండవలసిందే. కాని లేఖనాలు మనల్ని అంగడికి కూడా తీసుకొని వెళ్లి, ఒక త్రాసును చూపిస్తున్నాయి.

ద్వితీయోపదేశకాండము 25వ అధ్యాయం 13 నుండి 16 వచనాలు చదవండి. ఒకే సంచిలో పెద్దదొకటి, చిన్నదొకటి, రెండు రకాల తూనికరాళ్లు పెట్టుకోవద్దని దేవుడు ఆజ్ఞాపించాడు. ఆ దినాల్లో ఇశ్రాయేలులో నాణేలు లేవు. వెండిని తూచి ఇచ్చేవారు. తూచడానికి రాళ్లు వాడేవారు. అటువంటి రాళ్లు త్రవ్వకాల్లో అనేకం దొరికాయి. మన తెలుగు బైబిలులో తులము అని ఉన్న తూకం సుమారు 11 గ్రాములని వాటివల్ల తెలిసింది. మోసగాడు కొనేటప్పుడు ఒక రాయి, అమ్మేటప్పుడు మరొక రాయి తీసేవాడు. ఎదుటివానికి ఆ తేడా తెలియదు. దేవునికి తెలుసు.

క్రీస్తుపూర్వం 8వ శతాబ్దంలో తెకోవకు చెందిన పశువుల కాపరి ఆమోసును దేవుడు ఉత్తర రాజ్యానికి పంపాడు. అప్పుడు రెండవ యరొబాము రాజు. దేశంలో ధనం పెరిగింది. ధనవంతులు దంతపు మంచాలమీద పండుకొనేవారు. బేతేలులో బలులకు, పాటలకు కొదువ లేదు. అయినా ఆ పాటలు వినడానికి దేవునికి ఇష్టం లేకపోయింది. ఎందుకు? 8వ అధ్యాయం 5వ వచనం చూడండి. ఆ వర్తకులు విశ్రాంతిదినం ఎప్పుడు అయిపోతుందా అని కాచుకొని ఉన్నారు. ధాన్యం కొలిచే పాత్రను చిన్నది చేశారు. వెండి తూచే రాయిని పెద్దది చేశారు. అంటే బీదవాడు ఎక్కువ వెండి ఇచ్చి తక్కువ ధాన్యం తీసుకొని వెళ్లాడు. విశ్రాంతిదినాన అంగడి మూసే ఉంది. కాని హృదయంలో అంగడి తెరిచే ఉంది!

ప్రియులారా, మన సంగతి ఏమిటి? మన దుకాణంలో త్రాసు మీద తూనికలు కొలతల శాఖ వారి ముద్ర ఉండవచ్చు. దేవుని ముద్ర ఉందా? త్రాసు లేనివారికీ ఈ ప్రశ్న ఉంది. దినకూలివాని కూలి ప్రొద్దు గుంకక ముందే ఇవ్వాలని ద్వితీయోపదేశకాండము 24:15 చెబుతోంది. కారణం, అతడు దానిమీదే ఆశ పెట్టుకొన్నాడు. మనకు అది ఒక రోజు ఆలస్యం. అతని పిల్లలకు అది ఒక పూట అన్నం. బిగబట్టిన కూలి దేవుని చెవిలో మొరపెడుతుందని యాకోబు పత్రిక 5:4 హెచ్చరిస్తోంది. మనం చందా పెట్టెలో వేసే నోటు, పనిమనిషికి బాకీపడిన నోటు కాకూడదు.

అయితే నీతిగా జీవించి రక్షణ సంపాదించుకోమని నేను చెప్పడం లేదు. యెరికోలో జక్కయ్యను చూడండి. అతడు లెక్కలు సరిచేసుకొన్న తరువాత యేసు రాలేదు. యేసే ముందుగా అతనిని పేరు పెట్టి పిలిచి, అతని ఇంటికి వెళ్లాడు. ఆ ప్రేమ అతని చేతిని విప్పింది. తన తప్పు ఒప్పుకొన్నవాడు సొమ్ముతోపాటు అయిదవ వంతు కలిపి ఇస్తే చాలునని సంఖ్యాకాండము 5:7లో ఉంది. జక్కయ్య నాలుగంతలు ఇస్తానన్నాడు, ఆస్తిలో సగం బీదలకన్నాడు. కృప ముందు వచ్చింది, న్యాయం దాని వెంట వచ్చింది. కృప పొందానని చెప్పి, పాత రాళ్లు సంచిలోనే ఉంచుకొంటే ఎలా?

ఈ రాత్రి మోకరించే ముందు మీ లెక్క ఒకసారి చూచుకోండి. ఎవరికైనా బాకీ ఉన్నారా? ఎవరినైనా తక్కువ తూచారా? ఆ పేరు ప్రభువుకు చెప్పండి. రేపు ఆ ఇంటికి వెళ్లండి.

న్యాయవంతుడైన దేవుడు అందుకు కావలసిన ధైర్యం మీకు అనుగ్రహించును గాక. ఆమేన్.